నోటు కన్నా గింజ, గింజ కన్నా ముద్ద

తక్కువ ఖర్చుతో ఇల్లు గడుపుకోవడం ఎలాగో చెప్పే సలహాలకు మన పత్రికల్లో ఎప్పుడూ కొదవ లేదు. నెల సరుకులు ఒకేసారి తెచ్చుకోండి, పప్పులు చవగ్గా ఉన్నప్పుడు కొని నిలవ చేసుకోండి, జమాఖర్చుల పుస్తకం రాసుకోండి. అన్నీ మంచి మాటలే. కానీ వాటన్నిటి అడుగున ఒక నమ్మకం ఉంది: సంపాదించిన డబ్బు వంటింటిదాకా వస్తుందని. తండ్రి తాగుడుకు బానిసైన ఇంట్లో లేనిది ఆ నమ్మకమే. రోజుకూలి చేతికందేది సాయంత్రం. పనిచోటు నుంచి ఇంటికి వచ్చే దారిలో వైన్ షాపు ఉంటుంది, అది దాటితే ఊళ్లో బెల్టు షాపు ఉంటుంది. ఆ దారి దాటి ఎంత మిగిలితే అంతే వంటింటి భాగం. ఒకరోజు మూడు వందలు, ఒకరోజు యాభై, ఒకరోజు ఏమీ లేదు. అందుకే ఆ ఇల్లాలు నూనె పది రూపాయల ప్యాకెట్టుగా, పప్పు పావుకిలోగా, చింతపండు గుప్పెడుగా కొంటుంది. విడిగా కొన్న ప్రతిదానికీ లెక్క చూస్తే ఎక్కువ ధరే పడుతుంది. చాలీచాలని ఆదాయం ఒక బాధ అయితే, ఎప్పుడు ఎంత వస్తుందో తెలియకపోవడం వేరే బాధ. ఈ రెండో బాధకు వంటల పుస్తకంలో మందు లేదు. అలాంటి ఇంట్లో పిల్లల కడుపు నిండడం ఆదాయం ఎంతన్న దాని కన్నా, ఆ ఆదాయం ఏ రూపంలో, ఏ వేళకు, ఎవరి చేతికి వస్తుందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. డబ్బుగా వచ్చినదాని కన్నా గింజగా వచ్చినది పిల్లలకు చేరే అవకాశం ఎక్కువ. గింజగా వచ్చినదాని కన్నా వండిన ముద్దగా వచ్చినది ఇంకా ఎక్కువ.

ఇది ఏవో కొన్ని ఇళ్ల సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవారు తెలంగాణలో సుమారు 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 23 శాతం. తాగే ప్రతి మనిషీ బానిస కాదు, ఆ తేడా మరవకూడదు. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల ఆధ్వర్యంలో జరిగి 2019లో వెలువడిన కేంద్ర సామాజిక న్యాయ శాఖ సర్వే, దేశంలో మద్యం తాగేవారు సుమారు 16 కోట్లని, వారిలో సాయం అవసరమైన స్థితికి చేరినవారు దాదాపు 5.7 కోట్లని తేల్చింది. అందులో అత్యధికులు మగవాళ్లు. తాగుడుకు లోబడిన తల్లులూ ఉన్నారు, ఆ ఇళ్లలో వంట భారం పదేళ్ల ఆడపిల్ల మీదో, అమ్మమ్మ మీదో పడుతుంది. అదే కుటుంబ ఆరోగ్య సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ అయిదేళ్లలోపు పిల్లల్లో మూడో వంతుకు దగ్గరగా వయసుకు తగ్గ ఎత్తు లేరని, 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని తేలింది. దానికి తాగుడే కారణం అనడం లేదు. అసలే పళ్లెంలో పోషణ తక్కువగా ఉన్న ఇళ్లలో తాగుడు తీసుకుపోయేది మిగులును కాదు, తిండినే అన్నది ఇక్కడి సంగతి.

ఎంత తీసుకుపోతుందో చిన్న లెక్కలో చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరు నుంచి వచ్చిన కొత్త విధానంలో 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసా 99 రూపాయలకు దొరుకుతోంది. రోజుకొకటి అనుకుంటే నెలకు 2,970 రూపాయలు. దాని వెంట నీళ్ల ప్యాకెట్టు, ప్లాస్టిక్ గ్లాసు, నంజుకోవడానికి పల్లీలో మిర్చి బజ్జీలో ఉండనే ఉంటాయి, ఆ ఖర్చు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గుడ్డు ధర ఆరేడు రూపాయలు అనుకుందాం. అంటే ఒక క్వార్టర్ సీసా, నలుగురున్న ఇంట్లో తలా మూడు గుడ్లకు పైనే.

ఈ పోలికను మొదట గట్టిగా పైకి తెచ్చినవారు ఆర్థికవేత్తలు కారు, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు. అక్షరాస్యతా కార్యక్రమం పుస్తకంలోని సీతమ్మ కథ వారికి తమ బతుకునే చూపించింది. 1992లో వాళ్లు సారా దుకాణం మూయించారు, ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమాన్ని నీతి ఉద్యమంగా గుర్తుంచుకుంటాం కానీ, దాని లోపల ఉన్నది వంటింటి లెక్క. సారా దొరికినంత సులువుగా బియ్యం, మంచినీళ్లు మా ఊరికి ఎందుకు రావన్నది అక్కడ వినిపించిన ప్రశ్న. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మొదలుపెట్టిన రెండు రూపాయల కిలో బియ్యం అప్పటికే ఆ ఇళ్లలో ఆకలికి అడ్డుగా నిలిచింది. మొగుడి కూలి ఎటు పోయినా కార్డు మీద వచ్చే బియ్యం నెలకోసారి వస్తుందన్న భరోసాకు ఎంత విలువో ఆ ఆడవాళ్లకు తెలుసు.

ఇప్పుడు ఆ బియ్యం ఉచితం. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, తెలంగాణలో 6 కిలోలు. అదే చట్టం, ఇంట్లో 18 ఏళ్లు నిండిన ఆడవాళ్లలో పెద్దావిడే రేషన్ కార్డు విషయంలో కుటుంబ పెద్ద అని చెబుతుంది. కార్డు ఇంకా మగవాడి పేరు మీదే ఉన్న ఇళ్లు దాన్ని మార్పించుకోవాలి. కార్డులో పేరున్న ఎవరైనా వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకోవచ్చు కాబట్టి, డిపో తెరిచిన మొదటి రోజే వెళ్లడం మేలు. అయితే ఈ బియ్యానికి రెండు పరిమితులు ఉన్నాయి. నలుగురున్న కుటుంబం రోజుకు కిలోంబావు వండుకుంటే 20 కిలోలు 16 రోజులకు, 24 కిలోలు 19 రోజులకు అయిపోతాయి. నెలలో మిగిలిన పదకొండు నుంచి పద్నాలుగు రోజులే ఆ ఇంటికి గండం. రెండోది, బియ్యం మూట కూడా అమ్ముడుపోయే వస్తువే. రేషన్ బియ్యం కొనే దళారులు ప్రతి ఊళ్లోనూ తిరుగుతారు, తాగుడు ముదిరినవాడికి అది అటక మీద దాచిన డబ్బుతో సమానం. గింజ భద్రం కాదంటే ఇందుకే.

వండిన ముద్దను ఎవరూ అమ్ముకోలేరు. బడి భోజనం గొప్పదనం అక్కడ ఉంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పొడి గింజలు కాకుండా వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. అంతకుముందు చాలా రాష్ట్రాల్లో నెలకు మూడు కిలోల చొప్పున బియ్యమో గోధుమలో ఇచ్చి పంపేవారు, అవి పిల్లల కడుపులోకే వెళ్లాయన్న హామీ లేదు. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం అయిదో తరగతి వరకు బిడ్డకు ఆ పూట 450 కేలరీలు, 12 గ్రాముల ప్రోటీన్ అందాలి, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 700 కేలరీలు, 20 గ్రాములు. ఆంధ్రప్రదేశ్‌లో వారానికి 5 గుడ్లు, చిక్కీ, రాగి జావ, తెలంగాణలో 3 గుడ్లు ఇస్తున్నారు. ఆంధ్రాలో ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టడం సముచితం. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవారికి కూడా ఆమె వండి పెట్టిందే కానీ, చేతిలో డబ్బు పెట్టి పంపలేదు. అంగన్వాడీ విషయంలోనూ ఇదే వాదం. తెలంగాణలో 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులు, బాలింతలు కేంద్రంలోనే ఒక పూట భోజనం, గుడ్డు, పాలు తీసుకుంటారు. ఎండలో నడిచి రావడం కష్టం, సరుకు ఇంటికే ఇస్తే మేలనే వాదన కూడా ఉంది, నిండు నెలల ఆమెకు అది న్యాయమే. కానీ ఇంటికెళ్లిన గుడ్ల అట్టకు తినేవాళ్లు అయిదుగురు ఉంటారు, తాగి వచ్చినవాడికి నంజుడు అయ్యేవి కూడా ఆ గుడ్లే కావచ్చు. అలాంటి ఇంటి ఆడమనిషి కేంద్రంలో కూర్చుని తిన్న పూటే ఆమెకు దక్కిన పూట.

ఇక ఇంట్లో వండుకునే తిండి. ఇక్కడ కొనే వేళను, వస్తువు స్వభావాన్ని బట్టి ఆలోచించాలి. డబ్బు చేతికందిన రోజే, చీకటి పడకముందే, దాన్ని పప్పుగానో నూనెగానో మార్చేయాలి. అమ్మితే పెద్దగా డబ్బు రానివి, చెడిపోనివి, తక్కువలో ఎక్కువ బలం ఇచ్చేవి ఎంచుకోవాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల్లో కందిపప్పు వంద గ్రాముల్లో 22 గ్రాముల వరకు ప్రోటీన్ ఉంటుంది, ఉలవల్లోనూ దాదాపు అంతే, వేరుశెనగ పప్పులో 25 దాకా. మీల్ మేకర్‌లో ఎండు బరువులో సగం ప్రోటీనే, ఒక చిన్న ప్యాకెట్టు నానబెడితే నలుగురి కూరకు సరిపోతుంది. రాగుల్లో కాల్షియం బరువుకు బరువు చూస్తే ఆవుపాల కన్నా సుమారు మూడు రెట్లు. పాలకు డబ్బులేని ఇంట్లో పిల్లలకు పొద్దున రాగి జావ గానీ అంబలి గానీ ఉందంటే ఎముకలకు అదే ఆధారం. పెరట్లోనో పక్కింటి గోడ మీంచో మునగాకు దొరికితే దానికి ధరే లేదు. ముప్పావు గ్లాసు కందిపప్పు, అంటే 150 గ్రాములు, రెండు గుప్పెళ్ల మునగాకు వేసి మెత్తగా ఉడికించి, వెల్లుల్లి ఎండుమిర్చి పోపు పెడితే నలుగురికి ఒక పూట పప్పు. అందులో తలా ఎనిమిది గ్రాముల ప్రోటీన్. పైన నిమ్మకాయ పిండితే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. పప్పు అయిపోయిన రోజున పల్లీలు వేయించి, చింతపండు, మిరపకాయలు కలిపి నూరిన పచ్చడి అన్నంలోకి సరిపోతుంది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లు పోసి ఉంచిన చద్ది పొద్దున పొయ్యి వెలిగించకుండా పిల్లల కడుపు నింపుతుంది, తండ్రి నిద్రలేవకముందే వాళ్లు తిని బడికి వెళ్లిపోవచ్చు. ఈ చివరి మాటలో ఎంత అర్థం ఉందో ఆ ఇళ్లలో పెరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు.

తాగేవాడి పళ్లెం మాట కూడా చెప్పుకోవాలి. మద్యంలో గ్రాముకు ఏడు కేలరీలు ఉంటాయి కానీ పోషణ ఉండదు. ఆకలి చచ్చిపోతుంది, ఒళ్లు మాత్రం కరిగిపోతుంది. ముఖ్యంగా బి1 విటమిన్ తగ్గి నరాలు, మెదడు దెబ్బతింటాయి. అతనికి అన్నం పెట్టడం తప్పు కాదు, డబ్బు చేతికివ్వడమే ప్రమాదం. ఇంకో హెచ్చరిక: ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు కోపంతోనో ఒట్టు వేసుకునో ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఇంట్లో గదిలో పెట్టి తాళం వేసి మాన్పించే పద్ధతి ప్రమాదకరం. అది డాక్టరు చూసుకోవాల్సిన పని. కేంద్రం నడిపే వ్యసన విముక్తి సహాయ నంబరు 14446కు గానీ, మానసిక ఆరోగ్యానికి ఉన్న 14416కు గానీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

డబ్బు కన్నా గింజ, ముద్ద మేలన్న ఈ వాదనకు గట్టి అభ్యంతరం ఆర్థికవేత్తల వైపు నుంచే వస్తుంది. పేదవాడి చేతికి డబ్బిస్తే తాగేస్తాడన్నది పాత అపవాదు. 2014లో ప్రపంచ బ్యాంకుకు చెందిన డేవిడ్ ఇవాన్స్, అన్నా పొపోవా అనేక దేశాల అధ్యయనాలను కలిపి చూసి, నగదు బదిలీల వల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిందనడానికి ఆధారం లేదని తేల్చారు. ఆ మాట నిజం, దాన్ని కాదనడం లేదు. కానీ అది సగటు కుటుంబం గురించిన నిజం. వందిళ్ల సగటులో దాగిపోయే పది ఇళ్ల గురించి ఇక్కడ మాట్లాడుకుంటున్నాం. ఆ ఇళ్లకు దగ్గరగా వెళ్లి చూసిన పరిశోధన ఒకటి పక్కనే చెన్నైలో జరిగింది. ఫ్రాంక్ షిల్‌బాక్ అనే ఆర్థికవేత్త సైకిల్ రిక్షా తొక్కేవారిలో కొందరికి, పగలు తాగకుండా వచ్చి ఊపిరి పరీక్షలో నెగ్గితే కొంత డబ్బు ఇచ్చాడు. 2019లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం మత్తు తగ్గినవారి పొదుపు 50 శాతం పెరిగింది, తాగుడు ఖర్చు తగ్గడం ఒక్కటే దానికి కారణం కాదు. అంతకన్నా ఆలోచింపజేసేది ఇంకొకటి. ఆ రిక్షావాళ్లలో చాలామంది, షరతు లేకుండా వచ్చే ఎక్కువ డబ్బును వదులుకుని, తాగకపోతేనే ఇచ్చే డబ్బు కోరుకున్నారు. సాయంత్రం తన చేయి తన మాట వినదని తాగేవాడికీ తెలుసన్నమాట. డబ్బును ముందే సరుకుగా మార్చేయడం అతని మీద కుట్ర కాదు, తెలివిగా ఉన్న వేళ అతనూ ఒప్పుకునే ఏర్పాటు. కూలి తీసుకోకముందే కిరాణా కొట్టుకు కొంత కట్టించడం, మేస్త్రీతో చెప్పి వారం కూలిలో సగం భార్య ఖాతాలో వేయించడం లాంటివి పొద్దుటి పూట, మత్తు లేనప్పుడు మాట్లాడుకోవాల్సిన సంగతులు.

భార్య ఇలా చక్కబెట్టుకుంటూ పోతే అతనికి బాధ్యత ఎప్పుడు తెలుస్తుంది, ఇల్లు ఆకలితో మాడితేనే కదా బుద్ధి వచ్చేది అనేవాళ్లున్నారు. బుద్ధి వచ్చేదాకా పిల్లల ఎదుగుదల ఆగి నిలబడదు. పసితనంలో పోగొట్టుకున్న ఎత్తు తర్వాత పూర్తిగా తిరిగి రాదు. పెద్దవాడికి పాఠం చెప్పడానికి పిల్లల కడుపును బెత్తంగా వాడకూడదు. దీనికి ఎదురుగా ఉన్న అభ్యంతరం మాత్రం నిజంగా బరువైనది. భారమంతా మళ్లీ ఆడదాని మీదే పెడుతున్నాం కదా, బియ్యం దాచినందుకు, డబ్బు ఇవ్వనందుకు దెబ్బలు తినేది ఆమే కదా అన్నది. అవును. అందుకే దాచడం ఒక్కటే మార్గమని ఎవరూ ఆమెకు చెప్పకూడదు. దెబ్బ పడే ఇంట్లో మూట కన్నా ప్రాణం ముఖ్యం, అప్పుడు 181కు, పిల్లలకు ముప్పు ఉంటే 1098కి ఫోన్ చేయాలి. 2005 నాటి గృహ హింస చట్టం ఇంటి అవసరాలకు డబ్బు ఇవ్వకుండా చేయడాన్ని, ఇంటి సామాను అమ్మేయడాన్ని ఆర్థిక హింసగా గుర్తించింది. కొట్టకపోయినా సరే, పిల్లల తిండికి ఇవ్వకపోతే మేజిస్ట్రేట్ ద్వారా భరణం కోరవచ్చు. ఈ సంగతి మన ఆడవాళ్లలో చాలామందికి తెలియదు.

వైన్ షాపులు మూసేస్తే ఈ గొడవే ఉండదు కదా అనేవారి ఆవేదన అర్థం చేసుకోదగ్గదే. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం పెట్టిన రాష్ట్రం రెండేళ్లు దాటగానే, 1997లో దాన్ని ఎత్తేసింది. పొరుగు రాష్ట్రాల సరుకు, నాటుసారా, ఖజానాకు గండి, అన్నీ కారణాలే. బెల్టు షాపులను మూయించడం, కూలి అడ్డాల దగ్గర దుకాణాలు లేకుండా చూడటం ఇప్పుడే చేయదగ్గ పనులు, వాటికోసం అడగాల్సిందే. అయితే నిషేధం వచ్చేదాకా ఈ రాత్రి వంట ఆగదు.

ఆ వంట ఒక్క ఇంటి తెలివి మీద ఆధారపడకూడదు. మన దగ్గర దానికి నమూనాలు ఉన్నాయి. 2000 దశకంలో వెలుగు కార్యక్రమం కింద పొదుపు సంఘాల గ్రామ సమాఖ్యలు బియ్యం టోకున కొని, సభ్యులకు అప్పుగా ఇచ్చి, వాయిదాల్లో డబ్బు కట్టించుకున్నాయి. టోకు ధర లాభం దక్కింది, అప్పు సరుకు రూపంలో ఇంటికి చేరింది, నోటు మధ్యలో ఎక్కడా మగవాడి జేబులోకి వెళ్లలేదు. నెలలో రేషన్ అయిపోయాక మిగిలిన ఆ రోజులకు ఇంతకన్నా సరైన విరుగుడు లేదు. ఏ ఊరి సంఘమైనా పప్పు, నూనెతో దీన్ని మళ్లీ మొదలుపెట్టవచ్చు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి రెండున్నాయి. తాగే ఇంట్లో ముందుగా కూలిపోయేది రాత్రి భోజనం. గొడవలో అన్నం గిన్నె తన్నేస్తారు, లేదా పొయ్యే వెలగదు. ఆ పిల్లలు మర్నాడు ఖాళీ కడుపుతో బడికి వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చుంటారు. తమిళనాడు 2022 సెప్టెంబరులో బడుల్లో పొద్దుటి టిఫిన్ మొదలుపెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి ప్రభుత్వ ప్రాథమిక బడిలో అది నిలకడగా జరగాలి. రెండోది వేసవి. బడి నడిచేది ఏడాదికి 220 రోజుల వరకే. ఏప్రిల్ నాలుగో వారంలో మూసిన బడి జూన్ 12న తెరుస్తారు. ఆ ఏడు వారాలూ గుడ్డు లేదు, పప్పు లేదు, పగలంతా పిల్లలు ఆ ఇంట్లోనే. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ బడి భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లోనే ఆదేశించింది. కరువు వాన వల్ల వచ్చినా, సీసా వల్ల వచ్చినా, ఖాళీ అయ్యేది బిడ్డ పళ్లెమే. వంటగది ఉంది, గిన్నెలున్నాయి, వండే అక్కలున్నారు. మీ ఊరి బడి యాజమాన్య కమిటీలో, గ్రామసభలో ఈ వేసవికి ముందే ఈ మాట ఎత్తండి.